తేలడం వేరు, బరువు తగ్గడం వేరు

లేహ్ నుంచి కార్గిల్ వెళ్లే దారిలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన, ‘మాగ్నెటిక్ హిల్’ అని బోర్డు పెట్టిన చోటు ఒకటి ఉంది. రోడ్డు మీద గీసిన గడిలో బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు వదిలితే, బండి దానంతటదే ఎత్తు వైపు పోతున్నట్టు కనిపిస్తుంది. కొండలోపల బలమైన అయస్కాంతం ఉందని, అది భూమి లాగుడును కూడా మించి బండిని పైకి ఈడుస్తోందని అక్కడ చెప్పుకుంటారు. నిజానికి ఇది కంటికి సంబంధించిన సంగతి. చుట్టూ ఉన్న కొండల వాలు వల్ల అసలు సమతలం ఎక్కడుందో కంటికి అందదు. పల్లం ఎత్తుగా కనిపిస్తుంది. బండి మాత్రం ఎప్పటిలాగే పల్లానికి దొర్లుతుంది. ఇనుము ఏమాత్రం లేని ప్లాస్టిక్ బంతి కూడా అటే దొర్లుతుంది. తాపీ మేస్త్రీ వాడే రసమట్టం రోడ్డు మీద పెడితే మిగిలిన అనుమానం కూడా తీరుతుంది.

అయితే అయస్కాంతంతో గురుత్వాన్ని ఎదిరించడం అనే ఆలోచనను ఈ ఒక్క భ్రమతో కలిపి తోసిపుచ్చడం న్యాయం కాదు. కింద నుంచి భూగోళమంతా లాగుతున్నా, చిటికెన వేలి గోరంత అయస్కాంతం గుండుసూదిని ఇట్టే పైకెత్తేస్తుంది. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య ఉండే విద్యుత్ బలం, అదే రెంటి మధ్య ఉండే గురుత్వ బలం కంటే ఎంత పెద్దదంటే, ఆ నిష్పత్తి రాయడానికి నలభై అంకెలు కావాలి. ఇంత బలమైన శక్తి చేతిలో ఉండగా బలహీనమైన గురుత్వాన్ని దానితో ఎందుకు అదుపు చేయలేం? ఇది తెలివైన ప్రశ్న. దీన్ని అడిగినవాళ్లలో 19వ శతాబ్దపు బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కూడా ఉన్నాడు.

చిక్కంతా ఈ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోవడంతో వస్తోంది. గురుత్వానికి ఎదురుగా మరో బలం పెట్టి వస్తువును గాల్లో నిలపడం ఒకటి. ఆ వస్తువు మీద గురుత్వాన్నే తగ్గించడం, లేదా అడ్డుకోవడం మరొకటి. మొదటిది ప్రయోగశాలల్లోనూ రైల్వే పట్టాల మీదా రోజూ జరుగుతోంది. రెండోది ఇప్పటిదాకా ఒక్కసారీ రుజువు కాలేదు. ‘యాంటీ గ్రావిటీ’ పేరుతో ప్రచారంలో ఉన్న సిద్ధాంతాల్లో చాలావరకు మొదటిదాని వీడియో చూపించి రెండోదాన్ని నమ్మమంటాయి.

కాటా ఏం చెబుతుంది

ఈ తేడాను ఇంట్లోనే చూడొచ్చు. పాత స్పీకర్ల నుంచి తీసిన రింగు అయస్కాంతాలు రెండు, ఒక చెక్క పెన్సిలు చాలు. పెన్సిల్‌ను నిలబెట్టి, ఒకే ధ్రువాలు ఎదురెదురుగా వచ్చేలా రెండు రింగులనూ దానికి గుచ్చితే పైది కిందిదాన్ని తాకకుండా గాల్లో ఆగుతుంది. ఈ మొత్తాన్ని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాలి. అయస్కాంతం కాటాలోని భాగాలను ఇబ్బంది పెట్టకుండా మధ్యలో ఓ లావు చెక్కదిమ్మ వేసి, దాని బరువు ముందే తీసేసుకోవాలి. కాటా చూపించే అంకె రెండు రింగులు, పెన్సిలు కలిపిన పూర్తి బరువు. తేలుతున్న రింగు బరువులో ఒక్క గ్రాము కూడా తగ్గదు. పై రింగును భూమి ఎప్పటిలాగే లాగుతోంది. కింది రింగు దాన్ని పైకి నెడుతోంది. ఎంత బలంతో పైకి నెడుతోందో అంతే బలంతో తాను కిందికి నొక్కుకుంటోంది. ఆ నొక్కుడే కాటాకు చేరుతోంది.

జపాన్‌లో 2015 ఏప్రిల్‌లో గంటకు 603 కిలోమీటర్ల వేగం అందుకున్న మాగ్లెవ్ రైలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆ రైలు నేలను తాకదు కానీ దాని టన్నుల బరువంతా దారికి ఇరువైపులా ఉన్న గోడల్లోని తీగచుట్ల మీద పడుతుంది. ఆ బరువు మోసేలా లెక్కవేసే ఇంజనీర్లు ఆ నిర్మాణాన్ని కడతారు. కింద మోసే ఆధారం లేనిచోట ఈ పద్ధతి పనికిరాదు. అంతరిక్ష నౌకకు అయస్కాంతాలు బిగించి భూమి నుంచి పైకి లేపే పథకాలన్నీ మొదట ఆగిపోయేది ఇక్కడే. నౌకలోని అయస్కాంతం దేన్ని నెట్టి పైకి లేస్తుంది? భూమి అయస్కాంత క్షేత్రం ఉందిగా అని ఒక సమాధానం చెబుతారు. అయస్కాంత క్షేత్రం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. భూమి ఉపరితలం మీద ఆ క్షేత్రం ఒక టెస్లాలో ఇరవై వేలో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పైగా వేల కిలోమీటర్ల పొడవునా చాలా నెమ్మదిగా మారుతుంది. అయస్కాంతాన్ని పైకి తోయాలంటే క్షేత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు, అది తక్కువ దూరంలో గట్టిగా మారాలి. అందుకే దిక్సూచి ముల్లు తిరుగుతుందే తప్ప ఎగరదు.

పై ప్రయోగంలో పెన్సిలు ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా చూడాలి. అది తీసేస్తే పై రింగు పక్కకు జారి, తిరగబడి, కింది రింగుకు అతుక్కుపోతుంది. ఎంత జాగ్రత్తగా అమర్చినా ఇదే జరుగుతుంది. స్థిరంగా ఉండే అయస్కాంతాలను ఎన్ని రకాలుగా పేర్చినా, మరో అయస్కాంతాన్ని వాటి మధ్య గాల్లో నిలకడగా ఆపడం కుదరదని 1842లో శామ్యూల్ ఎర్న్‌షా గణితంతో చూపాడు. ఒక దిక్కున నిలకడ తెస్తే మరో దిక్కున జారుడు తప్పదు. సోమనాథ్ ఆలయంలో విగ్రహం అయస్కాంత శిలల నడుమ ఏ ఆధారమూ లేకుండా వేలాడేదని 13వ శతాబ్దపు భూగోళ రచయిత అల్ ఖజ్వినీ రాసిన కథ మన దేశంలో ఇప్పటికీ తిరుగుతోంది. అలెగ్జాండ్రియాలో రాణి విగ్రహాన్ని అలాగే వేలాడదీయడానికి అయస్కాంత రాతితో గుడి పైకప్పు మొదలుపెట్టి మధ్యలో వదిలేశారని రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథ అంతకంటే పాతది. గుడి కట్టినవాళ్ల నైపుణ్యాన్ని శంకించాల్సిన పని లేదు. శాశ్వత అయస్కాంతాలతో, ఇనుముతో ఆ పని ఎవరికీ సాధ్యం కాదు.

కప్ప ఎందుకు తేలింది

ఎర్న్‌షా సిద్ధాంతానికి ఒక సందు ఉంది. దాని షరతు శాశ్వత అయస్కాంతాలకు, ఇనుములా ఆకర్షణకు లోనయ్యే పదార్థాలకు వర్తిస్తుంది. అయస్కాంతం దగ్గరకు రాగానే బలహీనంగా వికర్షించే పదార్థాలకు వర్తించదు. నీరు, చెక్క, ప్లాస్టిక్, మన ఒళ్లు, బిస్మత్, గ్రాఫైటు ఈ కోవలోవి. వీటిని డయా అయస్కాంత పదార్థాలంటారు. 1939లో జర్మన్ శాస్త్రవేత్త వెర్నెర్ బ్రౌన్‌బెక్ ఈ సందును గుర్తించి, చిన్న గ్రాఫైటు, బిస్మత్ ముక్కలను తేల్చి చూపాడు. బాగా చల్లబరిస్తే కరెంటును ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే పదార్థాలు అతివాహకాలు. అవి ఇదే గుణాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్తాయి. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచిన బిళ్ల మీద అయస్కాంతం తేలే దృశ్యం ఇప్పుడు కాలేజీ ప్రదర్శనల్లో మామూలైపోయింది.

1997లో నెదర్లండ్స్‌లోని నైమెకన్ అయస్కాంత ప్రయోగశాలలో ఆండ్రే గైమ్ బృందం తేల్చిన చిన్న కప్ప ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. మూడు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు గొట్టంలో, సుమారు 16 టెస్లాల క్షేత్రంలో కప్ప గాల్లో ఆగింది. దానికి హాని జరగలేదు. ఈ ప్రయోగానికి 2000లో గైమ్‌కూ, భౌతిక శాస్త్రవేత్త మైకేల్ బెర్రీకీ ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి వచ్చింది. తర్వాత పదేళ్లకు వేరే పనికి, ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర గ్రాఫీన్ మీద చేసిన పనికి, గైమ్‌కు అసలు నోబెలే వచ్చింది.

ఇందులోని భౌతికశాస్త్రం తెలిస్తే ఫోటో ఇంకా బాగుంటుంది. కప్పలో ఎక్కువ భాగం నీరే. నీటి వికర్షణ ఎంత అల్పమంటే మామూలు అయస్కాంతం దగ్గర దాన్ని గుర్తించడమే కష్టం. అయినా తేల్చడానికి లెక్క సులువే. క్షేత్రం ఎన్ని టెస్లాలు ఉందో, మీటరుకు ఎన్ని టెస్లాలు మారుతోందో ఈ రెంటినీ గుణిస్తే సుమారు 1,400 రావాలి. అప్పుడు ప్రతి నీటి బిందువు మీదా పైకి తోసే బలం దాని బరువుతో సమానమవుతుంది. క్షేత్రం అత్యంత బలంగా ఉండే తీగచుట్ట నడిమధ్యలో అది దాదాపు మారదు. అందుకే కప్ప తేలింది గొట్టం మధ్యలో కాదు, పై అంచు దగ్గర. అయస్కాంతం ఉన్నచోటల్లా గురుత్వం పలచబడుతుందనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు. గురుత్వం తగ్గడమే కారణమైతే కప్ప మధ్యలో తేలాలి.

కుర్చీ మనల్ని మోసేటప్పుడు బలం చర్మానికే తగులుతుంది. ఇక్కడ ఆ బలం ఒంట్లోని ప్రతి అణువుకూ విడివిడిగా అందుతుంది. అందుకే ఇది భారరహిత స్థితిని బాగా పోలి ఉంటుంది. కణాలు, స్ఫటికాలు అంతరిక్షంలో ఎలా పెరుగుతాయో నేల మీదే చూడడానికి దీన్ని వాడుతున్నారు. 2009లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఎలుకపిల్లను కూడా తేల్చింది. కానీ పోలిక పూర్తిగా కుదరదు. ఎముకకూ, రక్తానికీ, కొవ్వుకూ వికర్షణ కొంచెం కొంచెం తేడాగా ఉంటుంది. ఒకటి కాస్త ఎక్కువ తేలితే మరొకటి కాస్త తక్కువ తేలుతుంది. కక్ష్యలో తిరిగే వ్యోమగామి ఒంట్లో ఈ తేడా ఉండదు, ఎందుకంటే గురుత్వం దేన్నీ వేరుగా చూడదు. ఇక కప్ప బరువు మాటకొస్తే, అది అయస్కాంతం మీద పడింది. ఆ అయస్కాంతం కింద కాటా పెట్టగలిగితే కప్ప బరువు అక్కడ కనిపించేది.

ఫారడే ముల్లు కదలలేదు

ఇక రెండో ప్రశ్న, గురుత్వాన్నే మార్చడం. దీన్ని ప్రయోగానికి పెట్టిన తొలి గొప్ప శాస్త్రవేత్త ఫారడే. విద్యుత్తుకూ అయస్కాంతానికీ సంబంధం ఉందని, కాంతిమీద అయస్కాంత ప్రభావం ఉంటుందని తన చేతులతో చూపినవాడు. గురుత్వం మాత్రం వీటితో చుట్టరికం లేకుండా ఎందుకుండాలి అని 1849 మార్చిలో తన డైరీలో రాసుకున్నాడు. వస్తువు భూమి వైపు పడుతున్నప్పుడు ఒక దిశలో, పైకి లేస్తున్నప్పుడు వ్యతిరేక దిశలో విద్యుత్ ప్రవాహం పుట్టాలని ఆయన ఊహ. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తీగచుట్టను, కరెంటును ముల్లుతో చూపే గాల్వనామీటరుకు కలిపి, రాగి, ఇనుము, బిస్మత్, గాజు వంటివి పడేసి చూశాడు. ముల్లు కదిలినప్పుడల్లా అది మామూలు ప్రేరణ విద్యుత్తేమో అని వెతికి, ఆ కారణాన్ని తొలగించి, మళ్లీ చేశాడు. చివరికి మిగిలింది సున్నా.

1850లో రాయల్ సొసైటీకి ఇచ్చిన పత్రంలో ఆ సున్నానే రాశాడు. గురుత్వానికీ విద్యుత్తుకూ సంబంధం ఉందన్న తన బలమైన భావన చెదరలేదని, అయితే అది ఉందని ఈ ప్రయోగాలు రుజువు చేయడం లేదని స్పష్టంగా చెప్పాడు. నమ్మకాన్ని, ఫలితాన్ని వేర్వేరుగా ఉంచిన ఆ వాక్యం విజ్ఞాన చరిత్రలో అరుదైనది. పదేళ్ల తర్వాత థేమ్స్ ఒడ్డున, సీసం గుండ్లు పోసే ఎత్తైన గోపురంలో బరువైన సీసపు దిమ్మలను ఎక్కించి దించి మళ్లీ ప్రయత్నించాడు. ఈసారీ ఏమీ కనబడలేదు. ఆ పత్రాన్ని ప్రచురించకపోవడమే మంచిదని రాయల్ సొసైటీ కార్యదర్శి జార్జ్ స్టోక్స్ సలహా ఇస్తే వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు దాదాపు డెబ్బై.

ఫారడే ఊహించిన సంబంధం నిజంగానే ఉందని 1915 తర్వాత తేలింది. కాకపోతే అది యాంటీ గ్రావిటీ కోరుకునేవాళ్లకు అనుకూలమైన దిశలో లేదు. ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం శక్తి ఎక్కడుంటే అక్కడ గురుత్వం పుడుతుంది. అయస్కాంత క్షేత్రంలో శక్తి ఉంటుంది కాబట్టి దానికీ గురుత్వం ఉంటుంది, అదీ ఆకర్షించే గురుత్వమే. కప్పను తేల్చిన 16 టెస్లాల క్షేత్రం ఒక ఘనపు మీటరు నిండా ఉందనుకుంటే, అందులోని శక్తి సుమారు పది కోట్ల జౌళ్లు. కాంతి వేగం వర్గంతో భాగిస్తే వచ్చే ద్రవ్యరాశి ఒక మైక్రోగ్రాముకు కాస్త పైన. అంటే అయస్కాంతాన్ని ఆన్ చేసినప్పుడు ఆ గది గురుత్వానికి అంత కలుస్తుంది, తగ్గదు. విశ్వంలో అత్యంత బలమైన అయస్కాంతాలు మాగ్నెటార్లు అనే నక్షత్ర శేషాలు. వాటి దగ్గర క్షేత్రం వెయ్యి కోట్ల టెస్లాలకు చేరుతుంది. అక్కడ ఒట్టి క్షేత్రానికే సీసం కంటే పదివేల రెట్లకు మించిన సాంద్రత ఉంటుంది. క్షేత్రం బలం పెంచుతూ పోతే ఎప్పటికో గురుత్వం తిరగబడుతుందన్న ఆశకు ప్రకృతే ఇచ్చిన జవాబు ఇది.

దీనికి ఇంకా సూటి పరీక్ష కూడా జరిగింది. ప్రతి పరమాణు కేంద్రకం ద్రవ్యరాశిలో కొంత భాగం విద్యుదయస్కాంత శక్తి. టైటానియంలో ఆ వాటా సుమారు 0.2 శాతం, ప్లాటినంలో దాదాపు దానికి రెట్టింపు. విద్యుదయస్కాంత శక్తికి గురుత్వంతో ఏ కొంచెం ప్రత్యేకమైన లావాదేవీ ఉన్నా ఈ రెండు లోహాలూ వేర్వేరు వేగాలతో పడాలి. 2016లో ఫ్రెంచి అంతరిక్ష సంస్థ పంపిన ‘మైక్రోస్కోప్’ అనే ఉపగ్రహం సరిగ్గా ఈ రెంటినీ కక్ష్యలో పక్కపక్కనే ‘పడనిచ్చి’ చూసింది. 2022లో వెలువడిన తుది ఫలితం ప్రకారం వెయ్యి లక్షల కోట్లలో కొద్ది వంతుల మేరకు కూడా తేడా లేదు. ఏ కొత్త సిద్ధాంతమైనా ముందు ఈ అంకెను దాటుకుని రావాలి. ప్రచారంలో ఉన్నవాటిలో దీన్ని ప్రస్తావించేవే తక్కువ.

తిరిగే అతివాహకాలు

అయినా ఒక తలుపు కాస్త తెరిచే ఉంది. ఆధునిక కాలంలో ఊహలన్నీ ఆ తలుపు దగ్గరే గుమిగూడాయి. విద్యుదావేశం కదిలితే అయస్కాంత క్షేత్రం పుట్టినట్టే, ద్రవ్యరాశి తిరిగితే గురుత్వంలో ఒక కొత్త భాగం పుడుతుందని సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. తిరిగే భూమి తన చుట్టూ ఉన్న స్థలకాలాన్ని కొంచెం ఈడ్చుకుపోతుంది. దీన్ని గ్రావిటో మాగ్నెటిజం అంటారు కానీ ఇందులో మామూలు అయస్కాంతం ఏమీ లేదు, సమీకరణాల పోలిక మాత్రమే. దీన్ని కొలవడానికి 2004లో గ్రావిటీ ప్రోబ్-బి ఉపగ్రహాన్ని పంపారు. నియోబియం లోహపు పూత పూసిన క్వార్ట్జ్ గోళాలు ద్రవ హీలియం చలిలో అతివాహకాలుగా మారి తిరుగుతుంటే, వాటి అక్షం ఎంత పక్కకు జరిగిందో చూశారు. 2011లో చెప్పిన ఫలితం సిద్ధాంతంతో సరిపోయింది. భూగోళమంత ద్రవ్యరాశి తిరిగినా ఆ అక్షం జరిగిన వేగంతో ఒక్క డిగ్రీ తిరగాలంటే 90 వేల ఏళ్లకు పైగా పడుతుంది. ప్రయోగశాలలో బల్ల మీద తిరిగే బిళ్ల నుంచి ఏం ఆశించవచ్చో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

1990ల మొదట్లో అమెరికాలోని హంట్స్‌విల్‌లో పనిచేసిన నింగ్ లీ, డగ్లస్ టార్ ఈ స్వల్ప ప్రభావాన్ని అతివాహకంలోని అయాన్లు ఎన్నో రెట్లు పెంచగలవని లెక్కవేశారు. ఆ లెక్కలో లోపాలున్నాయని ఇతర భౌతిక శాస్త్రవేత్తలు చూపారు. అదే సమయంలో, 1992లో, ఫిన్‌లాండ్‌లోని టాంపెరెలో యెవ్గెనీ పొద్‌క్లెత్నొవ్ ప్రయోగ ఫలితం ప్రకటించాడు. యిట్రియం, బేరియం, రాగి ఆక్సైడుతో చేసిన అతివాహక బిళ్లను చల్లబరిచి, అయస్కాంత క్షేత్రంతో తేల్చి, దానిపైన సుమారు 5.5 గ్రాముల సిలికా నమూనాను వేలాడదీస్తే బరువు 0.05 శాతం తగ్గిందన్నాడు. బిళ్లను తిప్పితే 0.3 శాతం దాకా తగ్గిందన్నాడు. తర్వాత 2 శాతం దాకా చెప్పాడు. 1996లో ఈ వార్త లండన్ పత్రికకెక్కగానే, అచ్చుకు సిద్ధంగా ఉన్న రెండో పత్రాన్ని వెనక్కి తీసుకున్నాడు.

ఆ మొదటి అంకెను కాస్త దగ్గరగా చూడాలి. 5.5 గ్రాముల్లో 0.05 శాతం అంటే రెండు ముప్పావు మిల్లీగ్రాములు. ఇప్పుడు అదే సిలికా ముక్క ఎంత గాలిని పక్కకు నెడుతుందో లెక్కిస్తే, దాని ఘనపరిమాణం రెండున్నర ఘనపు సెంటీమీటర్ల లోపు, ఆ గాలి బరువు రెండున్నర నుంచి మూడు మిల్లీగ్రాములు. అంటే గాలి తేలుడు బలం ఒక్కటే ప్రకటించిన ఫలితమంత ఉంది. కింద హీలియం ఆవిరితో చల్లబడుతున్న యంత్రం ఉంది. చుట్టుపక్కల గాలి చిక్కబడుతూ, పలచబడుతూ, ప్రవాహాలుగా కదులుతూ ఉంటుంది. నమూనాకు రక్షణ కల్పించామని ప్రయోగకర్త చెప్పాడు. అసలు కారణం ఇదేనని ఈ లెక్క రుజువు చేయదు. గురుత్వాన్ని కదిలించామని చెప్పేముందు ఎలాంటి అల్ప విషయాలను దాటాలో మాత్రం చూపిస్తుంది.

అంతకంటే పెద్ద అభ్యంతరం శక్తి లెక్కలది. బిళ్లకు నేరుగా పైన నిలువు స్తంభంలా బరువు తగ్గితే, ఒక చక్రాన్ని సగం ఆ స్తంభంలో, సగం బయట ఉండేలా నిలబెట్టవచ్చు. ఒక పక్క ఎప్పుడూ తేలిక, రెండో పక్క ఎప్పుడూ బరువు. చక్రం ఆగకుండా తిరుగుతూ ఊరికే శక్తినిస్తుంది. శక్తి బిళ్ల నుంచి వస్తుందని సమర్థకులు అనవచ్చు, అప్పుడు చక్రం తిరిగే కొద్దీ బిళ్లను తిప్పడానికి కరెంటు ఎక్కువ ఖర్చు కావాలి. ఆ ఖర్చును కొలిచి చూపినవాళ్లు లేరు.

పొద్‌క్లెత్నొవ్ మాటను విజ్ఞాన ప్రపంచం వినలేదన్న ఫిర్యాదు తరచూ వినబడుతుంది. అది నిజం కాదు. నాసా వారి మార్షల్ కేంద్రం 1997లో నిశ్చలంగా ఉన్న అతివాహక బిళ్లతో పరీక్షించి, మార్పు ఉన్నా అది భూగురుత్వంలో పది కోట్లలో రెండు వంతులకు మించదని చెప్పింది. బిళ్ల తిరగలేదు కదా అన్న అభ్యంతరం సబబైనదే. 2003లో కెనడాలో జార్జ్ హాతవే బృందం తిరిగే బిళ్లతో, రేడియో తరంగాలతో, మూల ప్రయోగం కంటే 50 రెట్లు సున్నితమైన ఏర్పాటుతో మళ్లీ చేసింది. గురుత్వంలో మార్పు కనబడలేదు.

ఆస్ట్రియాలో మార్టిన్ తాజ్మార్ కథ ఇంకా ఆసక్తికరం, నిజం చెప్పాలంటే గౌరవించదగ్గదీ అదే. 2006లో యూరోపియన్ అంతరిక్ష సంస్థ సహాయంతో చేసిన ప్రయోగంలో, నిమిషానికి 6,500 సార్లు తిరిగే నియోబియం రింగు దగ్గర భూగురుత్వంలో పదివేల వంతు దాకా త్వరణం కనిపించిందని ప్రకటించాడు. సాపేక్ష సిద్ధాంతం చెప్పేదానికంటే అది ఊహకందనంత పెద్దది. మరుసటి ఏడాది న్యూజీలాండ్ పరిశోధకులు, తిరుగుడును కొలిచే తమ భారీ లేజర్ గైరోస్కోపు పక్కన అతివాహక సీసపు రింగును తిప్పి చూస్తే ఏమీ దొరకలేదు. తాజ్మార్ ఊరుకోలేదు. పరికరాన్ని మళ్లీ మళ్లీ మెరుగుపరిచి కొలిచాడు. మెరుగుపరిచిన కొద్దీ అంకె చిన్నదైంది. చల్లని హీలియంలో తిరిగే భాగాల కంపనాలు కొలిచే పరికరానికి చేరుతున్నాయని చివరికి తేలింది. తన పేరు మోగించిన ఫలితాన్ని తన చేతులతోనే పక్కన పెట్టాడు. తర్వాత ఆయన డ్రెస్డెన్ బృందం ‘ఎం డ్రైవ్’ అనే ఇంధనం లేని ఇంజన్ ఆలోచనను పరీక్షించింది. 2018లో అక్కడ కనిపించిన తోపుడుకు మూలం కరెంటు తీగలకూ భూమి అయస్కాంత క్షేత్రానికీ మధ్య ఉండే మామూలు బలమని సూచించింది. అలాంటి ప్రయోగాల్లో అయస్కాంతం చాలాసార్లు ఇలాగే దొరుకుతుంది, పొరపాటుకు కారణంగా.

ప్రయోగం లేని లెక్కలు

గురుత్వాన్ని, విద్యుదయస్కాంతాన్ని ఒకే సమీకరణంలో కలపాలన్న ప్రయత్నం గౌరవనీయమైనదే. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం అనే నాలుగు కొలతలకు (డైమెన్షన్లకు) ఐదోదాన్ని చేర్చితే రెండూ ఒకే చోట నుంచి పుడతాయని 1921లో థియొడోర్ కలూజా చూపాడు. ఐన్‌స్టీన్ జీవితంలో చివరి మూడు దశాబ్దాలు ఈ వెతుకులాటలోనే గడిచాయి. ఆ దారిలోనే నడిచినవాడు జర్మనీకి చెందిన బుర్క్‌హార్డ్ హైమ్. 1944లో పేలుడులో రెండు చేతులూ, చూపు, వినికిడిలో చాలా భాగం పోగొట్టుకుని కూడా ఆరు కొలతల సిద్ధాంతం ఒకటి ఒంటరిగా కట్టాడు. ఆ పట్టుదల ముందు తల వంచాల్సిందే. ఆయన 2001లో పోయాక వాల్టర్ డ్రోషర్, యోఖెం హౌజెర్ దాన్ని పెంచి, చాలా బలమైన అయస్కాంత క్షేత్రంలో తిరిగే వలయం గురుత్వాన్ని మార్చి అంతరిక్ష నౌకను నడుపుతుందన్నారు. అమెరికన్ ఏరోనాటిక్స్ సంస్థ కమిటీ ఒకటి వాళ్ల పత్రానికి బహుమతి కూడా ఇచ్చింది. కొన్ని గంటల్లో అంగారకుడికి అంటూ 2006లో శీర్షికలు వచ్చాయి. కొలవగలిగిన ఫలితం మాత్రం రాలేదు. బహుమతి వచ్చిందన్న వార్తే ఈనాటికీ రుజువుగా చలామణీ అవుతోంది.

ఈ ఊహలకు పెట్టిన డబ్బంతా వృథా అయిందని కూడా అనలేం. అమెరికన్ వ్యాపారి రోజర్ బాబ్సన్ చిన్నతనంలో ఆయన సోదరి నీళ్లలో మునిగి చనిపోయింది. ఆ దుఃఖానికి గురుత్వమే కారణమని నమ్మి, దాన్ని అడ్డుకునే పదార్థం కోసం 1948లో ఒక సంస్థ పెట్టి, వ్యాస పోటీలు మొదలుపెట్టాడు. 1953లో బ్రైస్ డెవిట్ అనే యువ శాస్త్రవేత్త, అలాంటి పదార్థం కోసం వెతకడం దండగ, ముందు గురుత్వాన్ని అర్థం చేసుకోవాలి అని రాసి మరీ మొదటి బహుమతి గెలిచాడు. ఆ వ్యాసం వల్లనే ఆయనకు పోషకుడు దొరికి, నార్త్ కరొలైనాలోని చాపెల్ హిల్‌లో పరిశోధనా కేంద్రం వచ్చింది. 1957లో అక్కడ జరిగిన సదస్సులోనే, గురుత్వ తరంగాలు నిజంగా శక్తిని మోస్తాయా అన్న వాదన ఒక కొలిక్కి వచ్చింది. 2015లో అమెరికాలోని లైగో వేధశాల పట్టుకున్న గురుత్వ తరంగాలకు ఆ చర్చ ఒక మెట్టు. యాంటీ గ్రావిటీ కోసం పెట్టిన డబ్బు గురుత్వ శాస్త్రాన్ని నిలబెట్టింది, దాన్ని పుచ్చుకున్నవాళ్లు పెట్టినవాళ్లకు నచ్చే అబద్ధం చెప్పకపోవడం వల్ల.

అయస్కాంత క్షేత్రంతో గురుత్వాన్ని నిజంగా పరీక్షించిన అత్యుత్తమ ప్రయోగం ఈ మధ్యనే జరిగింది. మామూలు కణాలకు వ్యతిరేక ఆవేశం ఉన్న జంట కణాలతో ఏర్పడేది ప్రతిపదార్థం (యాంటీ మ్యాటర్). అది భూమి మీద కిందికి పడుతుందా, పైకి పోతుందా అన్నది చాలాకాలంగా తేలని ప్రశ్న. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఆల్ఫా-జి బృందం యాంటీ హైడ్రోజన్ (ప్రతిపదార్థపు హైడ్రోజన్) పరమాణువులను నిలువు అయస్కాంత బోనులో పట్టి, పై మూత, కింది మూత రెంటినీ నెమ్మదిగా బలహీనపరిచింది. ఆ మూతలు అయస్కాంత క్షేత్రాలే. బోను రెండు చివర్ల మధ్య పాతిక సెంటీమీటర్ల ఎత్తులో గురుత్వం చూపే ప్రభావం, ఒక టెస్లాలో పదివేల వంతుల్లో నాలుగున్నర వంతుల క్షేత్రంతో సరితూగుతుంది. కింది మూతను అంత మేరకు గట్టిచేస్తే మామూలుగా పడే పరమాణువు ఎటు పోవాలో తేల్చుకోలేక సగం పైకి, సగం కిందికి పోవాలి. క్షేత్రాన్ని కొంచెం కొంచెం మారుస్తూ ఎన్ని ఎటు పోయాయో లెక్కపెట్టారు. ఇక్కడ అయస్కాంతం గురుత్వాన్ని రద్దు చేయలేదు, దాన్ని తూచింది.

2023 సెప్టెంబరులో ఫలితం వచ్చింది. రెండు మూతలూ సమానంగా ఉన్నప్పుడు సుమారు 80 శాతం పరమాణువులు కిందికే పోయాయి. ప్రతిపదార్థం కిందికే పడుతుంది. వికర్షక గురుత్వం కోసం చాలామంది ఆశ పెట్టుకున్న తలుపు అది. లెక్కగట్టిన త్వరణం మామూలు గురుత్వంలో 0.75 వంతు, దోషాల పరిధి అటూ ఇటూ ఐదింట ఒక వంతు. పూర్తి 1 అనే విలువ ఆ పరిధికి కాస్త బయటే ఉన్నా, కొత్త భౌతికశాస్త్రం అనడానికి అది చాలదు. పరమాణువులను ఇంకా చల్లబరిచి ఆ కొలతను ఒక శాతం మేరకు కచ్చితం చేయడం ఆ బృందం తర్వాతి పని.